నీ మీద ఏముంది

నోరీన్‌కి బొమ్మలు వెయ్యడం రాదు. ఇది ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఆ తర్వాత మా ఊళ్ళో పుట్టిన కథల్లో ఆమె ఏకంగా చిత్రకారిణి అయి కూర్చుంది. చిన్నప్పుడు ఆమె గుర్రం బొమ్మ వేస్తే, అప్పటి టీచరమ్మ దాన్ని ఎత్తి తరగతి అంతటికీ చూపించి, "బల్ల బాగా వేశావు, మీద గుడ్డ పరవడం ఒక్కటే మరిచిపోయావు" అందట. అప్పటి నుంచి నోరీన్ రంగు పెన్సిలు ముట్టలేదు. తనే టీచరై, జుట్టు నెరిసిపోయాక కూడా, బోర్డు మీద సూర్యుణ్ణి గియ్యాల్సి వస్తే ఎవరో ఒక పిల్లని పిలిచి గీయించేది.

అలాంటి మనిషిని బొమ్మల శిక్షణకి పంపారు. ఆమెతోపాటు నన్నూ పంపారు, ఎందుకంటే ఐర్లండ్‌లో, కానమరా తీరంలో మా బడికి ఉన్నదే ఇద్దరం టీచర్లం. చిన్నపిల్లల గది ఆమెది, పెద్దపిల్లల గది నాది, మధ్యలో ఉన్న ఇరుకు గది టీ కెటిల్‌ది. పాఠాలైనా తిట్లైనా మా దగ్గర అన్నీ ఐరిష్‌లోనే. శిక్షణ మాత్రం పట్నంలో, అంటే గాల్వేలో, ఒక హోటల్ మేడ మీద, ఇంగ్లీషులో.

శిక్షణ ఇచ్చేది డబ్లిన్ నుంచి వచ్చిన ఫెనెల్లా. బొమ్మల ద్వారా మనసుకి వైద్యం చెయ్యడం ఆమె చదువు. గోళ్ళ నిండా రంగు సుద్ద, గొంతు మాత్రం నిద్రపుచ్చేంత మెత్తన. నాకు ముక్కు మీద కోపమని ఊరందరికీ తెలుసు, ఆ రోజు పొద్దున్నుంచీ ఒంటికాలి మీద లేచి ఉన్నాను. "లెక్కలు చెప్పడానికే టైము చాలట్లేదు. ఇప్పుడు పిల్లల మనసులు కూడా మేమే రిపేరు చెయ్యాలా?" అని నిలదీశాను.

"వద్దు" అంది ఫెనెల్లా. "మీరు టీచర్లు, డాక్టర్లు కాదు. ఏదీ రిపేరు చెయ్యకండి. కాగితం ఇవ్వండి, పక్కన కూర్చోండి, బొమ్మ గురించి అడగండి. అర్థం మాత్రం మీరు చెప్పకండి, వేసినవాళ్ళనే చెప్పనివ్వండి. బాగుంది అని కూడా అనొద్దు. అలా అంటే పిల్లలు మీకు నచ్చేదే వేస్తారు, తమకి కావలసింది వెయ్యరు. భయమేస్తే నాకు ఫోన్ చెయ్యండి."

తర్వాత మా చేత కూడా బొమ్మలు వేయించింది. పొద్దున ఇక్కడికి వచ్చేటప్పుడు మనసు ఎలా ఉందో వెయ్యమంది. నోరీన్ కాగితం మీద ఒక నల్లటి ముద్ద చుట్టి పెట్టింది. ఫెనెల్లా వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "దీని గురించి నాకు చెప్తావా?" అని అడిగింది. నోరీన్ వేలితో ఆ ముద్దని రుద్దుతూ, "కారు పెట్టుకోవడానికి చోటు దొరకలేదు" అంది. నేను పగలబడి నవ్వాను. ఫెనెల్లా నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారు నోరీన్ నడిపింది. ఊరి మలుపు దగ్గర కారు ఆపేసింది.

"మేగ్, ఆవిడ అలా అడిగితే నాకు ఏడుపొచ్చిందే. ఎందుకో తెలీదు. కారు పెట్టుకునే చోటు కోసం ఏడవడం ఏంటి నేను?"

"వయసైపోతోంది తల్లీ. పోనీ కారు" అన్నాను.

మర్నాటి నుంచి చిన్నపిల్లల గదిలో అయోమయం మొదలైంది. అంతవరకు నోరీన్‌కి తెలిసిన వైద్యం ఒక్కటే. ఏడ్చే పిల్లకి బిస్కెట్ ఇచ్చి తల నిమిరేది, మిగిలినవాళ్ళకి అసూయ పుట్టకుండా తలా ఒక బిస్కెట్ పంచేది. ఇప్పుడు ఆ డబ్బా బీరువాలోకి పోయి రంగుల డబ్బాలు బయటికి వచ్చాయి. కోలీన్ అనే పిల్లాడు ఆవు బొమ్మ వేసి తెచ్చాడు.

"టీచర్, నా ఆవు బాగుందా?"

నోరీన్ నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది. "గోధుమరంగు చాలా వాడావు" అంది.

"ఆవు గోధుమరంగే కదా."

"దీని గురించి నాకు చెప్తావా?"

"మా ఆవు టీచర్. రోజూ నీ కారుకి అడ్డం వస్తుందే, అదే. బాగుందా, బాగోలేదా?"

నోరీన్ కిటికీలోంచి బయటికి చూసింది. ఆ సాయంత్రం దుకాణంలో కోలీన్ తల్లి నన్ను పక్కకి లాగి, "నోరీన్‌కి ఒంట్లో బానే ఉందా? ఆవంటే ఏంటని అడిగిందట మావాణ్ణి" అంది. నేను సర్దిచెప్పబోయాను కానీ, చెప్తున్నకొద్దీ నాకే అర్థం లేకుండా పోయింది.

ఇంకో రోజు, ఫెనెల్లా ఇచ్చిన పాఠాన్ని నోరీన్ మక్కీకి మక్కీ ఐరిష్‌లోకి మార్చింది. మనిషి ఆకారంలో గీత గీసిన కాగితాలు పంచి, "నీ లోపల ఏముందో వెయ్యి" అంది. పిల్లలు ఎంతో శ్రద్ధగా వేశారు. పేగులు వేశారు, ఎముకలు వేశారు. ఒకడు పొద్దున తిన్న ఓట్స్ జావ వేసి, దాని కింద బంగాళాదుంప వేశాడు. ఒక పిల్ల తన పొట్టలో పాపని వేసి, అదేంటే అంటే, అమ్మ పొట్టలో ఉంది కదా, నాకూ ఉండొద్దా అంది. నోరీన్ ఆ కాగితాలన్నీ టీ గదిలోకి తెచ్చి నా ముందు పరిచింది.

"మనసులో ఏముందంటే కసాయి కొట్టు వేసిచ్చారు మేగ్. నేను అడగడంలో తప్పుందా, వీళ్ళలో తప్పుందా?"

"శిక్షణలో తప్పుంది" అన్నాను నేను.

అన్నిటికన్నా అడుగున ఒక కాగితం ఉంది. దాంట్లో గీత లోపల ఏమీ లేదు. అది నెసది.

నెసకి ఏడేళ్ళు. వాళ్ళమ్మ త్రేస చేపల ప్యాకింగ్‌లో పని చేస్తుంది, చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వస్తుంది. పిల్లని పెంచింది తాత పారిక్. మా ఊళ్ళో ఆయనంత మాటకారి లేడు. రోజూ పొద్దున మనవరాలి చెయ్యి పట్టుకుని, దారి పొడుగునా ఏదో చెప్తూ బడికి తెచ్చేవాడు. బడి వాకిట్లో ఆగి చెయ్యి చాచేవాడు, నెస తన వాన కోటు గుండీలు విప్పి ఆ చేతిలో పెట్టేది, ఆయన దాన్ని కొక్కేనికి తగిలించి, సగంలో ఉన్న కథ పూర్తి చేసి గానీ కదిలేవాడు కాదు. నా గదిలో పాఠం మొదలైనా ఆయన గొంతు ఆగేది కాదు, ఎన్నిసార్లు తలుపు ధడాలున వేశానో.

తుఫానులు మొదలయ్యే రోజుల్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. వంటింట్లో పొయ్యి దగ్గర కూలబడ్డాడు, పక్కన నెస ఒక్కతే ఉంది. కుడి చెయ్యీ కాలూ పోయాయి, మాట పోయింది. పారిక్ మీద మౌనం పడింది అనుకున్నారు ఊళ్ళో అందరూ. మా భాషలో అలాగే అంటాం. చర్చి గుమ్మంలో అదే మాట, దుకాణంలో అదే మాట, వాళ్ళ వంటింట్లో టీ తాగుతూ పలకరింపులకి వచ్చినవాళ్ళదీ అదే మాట. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోనే నెస కూడా మాట్లాడడం మానేసింది. బళ్ళో కాదు, ఇంట్లో కాదు, ఎక్కడా ఒక్క ముక్క లేదు.

తాత పడిపోవడం చూసి దడుచుకుందని డాక్టరు అన్నాడు. అందరికీ అది సబబుగానే తోచింది. రోజూ ఆయన్ని చూస్తుంటే ఆ దడుపు ఎలా పోతుంది అని త్రేస లెక్క. గాల్వేలో ఆమె అక్క ఉంది, అక్కడి బళ్ళో మాట రాని పిల్లలకి ప్రత్యేకం ఒక తరగతి ఉంది. ఈస్టర్ సెలవులు అయ్యాక నెసని అక్కడ దించెయ్యాలని నిర్ణయించింది. "నాకేమైనా సరదానా టీచర్?" అంది నోరీన్‌తో. త్రేస కూడా ఒకప్పుడు నోరీన్ గదిలో పిల్లే. "మా నాన్నకి ఆ పిల్లే ప్రాణం. కానీ పిల్ల మూగదైపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

 నోరీన్‌కి పంపమనడానికి నోరు రాలేదు, వద్దనడానికి చేతిలో ఏమీ లేదు. ఉన్నది ఖాళీ బొమ్మ ఒకటి.

ఒక మధ్యాహ్నం వాన. మిగిలిన పిల్లలందరూ నా గదిలో ఆటల్లో ఉన్నారు. నోరీన్ నెస పక్కన చిన్న కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ముందు మళ్ళీ అదే మనిషి ఆకారం కాగితం, మళ్ళీ ఖాళీ. శిక్షణలో చెప్పిన మాటలన్నీ అయిపోయాయి. అలిసిపోయి, ఏ పాఠమూ గుర్తులేక, మామూలుగా ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే అడిగేట్టు అడిగేసింది. "నీ మీద ఏముందే బంగారం?"

మేం అలాగే అడుగుతాం. ఏమైంది నీకు అనాలంటే మా భాషలో నీ మీద ఏముంది అంటాం. మా దగ్గర ఆకలి మనిషి మీద ఉంటుంది, జలుబు మీద ఉంటుంది, కోపం, దిగులు, సిగ్గు అన్నీ మీదే ఉంటాయి. లోపల ఉండేవి పేగులే. పిల్లలు వేసినదాంట్లో తప్పేమీ లేదు.

నెస నల్ల సుద్ద తీసుకుంది. ఆ ఆకారం చుట్టూ, భుజాల నుంచి పాదాల కింద దాకా, ఒక కోటు వేసింది. చేతులు కనపడనంత పొడుగు చేతులు, మెడ దాకా వరసగా గుండీలు. సుద్ద అరిగి ముక్కలయ్యేంత గట్టిగా నింపింది. మనిషిలో మిగిలింది రెండు కళ్ళే.

నోరీన్ ఆ కాగితం పట్టుకుని టీ గదిలోకి వచ్చింది. చూడగానే నేను తేల్చేశాను. "మగవాళ్ళ కోటు. తాతది. తాతంటే భయం. ఇంకేం కావాలి? త్రేస చేస్తున్నదే సరైన పని. పంపెయ్యనీ."

"ఆ పిల్ల అలా చెప్పలేదుగా."

"మాట్లాడని పిల్ల ఎలా చెప్తుందే?"

"మరి నువ్వెలా చెప్తున్నావు?" అంది. నా మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. వెంటనే మళ్ళీ బెంబేలుపడి, "నువ్వన్నదే నిజమేమో. భయమేనేమో. నాకు బుర్ర పని చెయ్యట్లేదు మేగ్. గుర్రాన్ని బల్ల అన్న టీచర్ల జాతే కదా మనం" అని కుర్చీలో కూలబడింది.

ఫెనెల్లాకి ఫోన్ చేసింది. ఆమె ఏదో గొప్ప రహస్యం విప్పుతుందని నేను చెవి రిక్కించాను. ఆమె అన్నది ఇంతే. "నాకూ తెలీదు నోరీన్. మీరిద్దరూ ఊహించొద్దు, నేనూ ఊహించను. ఆ పిల్లకే తెలుసు. మాట రాకపోతే ఇంకో కాగితం ఇవ్వు." ఫోన్ పెట్టేశాక నేను, ఇంత చెప్పడానికి డబ్లిన్ నుంచి రావాలా అన్నాను. నోరీన్ నన్ను పట్టించుకోకుండా రంగులు తీసుకుని వెళ్ళింది.

ఈసారి నేను గుమ్మంలో నిలబడి చూశాను. నోరీన్ కోటు బొమ్మని బల్ల మీద పెట్టి, పక్కన తెల్ల కాగితం పెట్టింది.

"ఈ కోటు నీ మీదకి రాకముందు ఎక్కడుండేది?"

నెస సుద్దలు ముందుకి లాక్కుంది. తర్వాత కుర్చీ వేసింది, పొయ్యి వేసింది, కుర్చీలో తాతని వేసింది. ఆయన మీద కోటు లేదు, ఉత్త చొక్కా. నోరు పెద్దగా తెరిచి ఉంది. ఆ నోట్లోంచి ఎర్రవి, పచ్చవి, నీలం రంగువి పిట్టలో చేపలో ఏవో గుంపుగా ఎగిరొచ్చి కాగితం అంచు దాకా పోయాయి.

నోరీన్ ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి, మళ్ళీ మొదటిదానికి చూసింది.  చివరికి అడిగింది. "తాత మీద మౌనం పడింది అన్నారు కదా. అది నువ్వు తీసి వేసుకున్నావా?"

నెస తలూపింది.

"నువ్వు వేసుకుంటే తాతకి మాట వస్తుందనా?"

మళ్ళీ ఊపింది.  మీద పడినదాన్ని తీసెయ్యొచ్చు, ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరు వేసుకోవచ్చు. ఆ పిల్ల మన మాటల్నే నమ్మింది. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, బయటికి వచ్చాక, "పిల్లలు టీచరు ఏమడిగినా తలూపుతారు. అర్థం నువ్వే చెప్పేశావు, ఫెనెల్లా వద్దన్నది అదే" అన్నాను. నోరీన్ కాగితాలు చుట్టి చంకన పెట్టుకుంది. "అవును. చెప్పేశాను. నిజమో కాదో నాకు తెలీదు. అడగాల్సిన ఇంకో మనిషి ఉన్నాడు" అంది.

సెలవులు ఇచ్చిన రోజు సాయంత్రం పారిక్ ఇంటికి వెళ్ళాం. ఆమె ఒక్కతే వెళ్తే ఏదో ఒకటి తలకిందులు చేస్తుందని నేనూ వెళ్ళాను. త్రేస పెట్టె సర్దుతోంది. నెస మేజోళ్ళు మడతలు పెట్టి వరసగా ఉన్నాయి. పారిక్ పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు, ఆయనకి ఎదురుగా ఇంకో కుర్చీ, నెస గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"టీచర్, మనసు మార్చడానికి వచ్చినట్టైతే వద్దు. నేను మళ్ళీ మనసు గట్టి చేసుకోలేను" అంది త్రేస.

"మార్చడానికి కాదమ్మా. ఒకటి చూపించి వెళ్తాను. తర్వాత నీ ఇష్టం."

నోరీన్ రెండు బొమ్మలూ పారిక్ ఒళ్ళో పెట్టింది. ఏమీ చెప్పలేదు. ఈసారి నిజంగానే ఏమీ చెప్పలేదు, నేను మోచేత్తో పొడిచినా. ఆయన ఎడమ చేత్తో కోటు బొమ్మని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత రెండోది చూశాడు, తెరిచిన తన నోరు, దాంట్లోంచి ఎగిరే రంగులు. మళ్ళీ మొదటిది. మాట పోయింది గానీ ఆయన బుర్ర ఎక్కడికీ పోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నెస వైపు తిరిగి ఎడమ చెయ్యి చాచాడు.

అలా చెయ్యి చాచడం నాకు తెలుసు. రోజూ బడి వాకిట్లో చూసిందే.

నెస దగ్గరికి వచ్చింది. ఒంటి మీద ఉన్నది పల్చటి స్వెటర్ ఒక్కటే. దాన్ని ముట్టుకోలేదు. మెడ దగ్గర గాల్లో వేళ్ళు పెట్టి, లేని గుండీ ఒకటి విప్పింది. దాని కిందది విప్పింది. ఒక్కొక్కటే విప్పుకుంటూ మోకాళ్ళ దాకా వంగింది. భుజాలు విదిలించి, పొడుగు చేతుల్లోంచి చేతులు బయటికి లాక్కుని, ఆ బరువుని రెండు చేతులతో ఎత్తి తాత చేతిలో పెట్టింది. త్రేస చేతిలో మేజోళ్ళు అలాగే ఉండిపోయాయి.

పారిక్ దాన్ని అందుకున్నాడు. చెయ్యి బరువుకి కిందకి దిగినట్టు దిగింది. తర్వాత మెల్లగా దాన్ని తన కుడి భుజం మీదకి, ఆ చచ్చుబడిన భుజం మీదకి లాక్కోబోయాడు.

"వద్దు తాతా" అంది నెస.

తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది గొంతు. అదేమీ పట్టించుకోకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నువ్వేసుకోకు. చాలా బరువు. కుర్చీ మీద పెట్టు."

ఆయన ఎదురు కుర్చీ మీద పెట్టాడు. నెస వెళ్ళి దాన్ని సరిగ్గా సర్దింది, చేతులు నేలకి తగలకుండా పైకి మడిచింది. త్రేస మేజోళ్ళతో మొహం కప్పుకుని ఏడ్చింది. నోరీన్ కంగారుగా నా వైపు చూసి, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని గొణిగింది. నాకూ తెలీదు. మేమిద్దరం వెళ్ళి టీ పెట్టాం.

పారిక్‌కి మాట రాలేదు. ఇక రాదని డాక్టరు చెప్పాడు. నెస గాల్వేకి వెళ్ళలేదు. తాత కుడి చేతి పక్కన ముక్కాలి పీట వేసుకుని ఇప్పుడు కథలన్నీ అదే చెప్తుంది, తప్పు చెప్తే ఆయన ఎడమ చేత్తో తన కుర్చీ మీద కొడతాడు.

రెండో విడత శిక్షణలో నోరీన్‌ని లేపి ఈ సంగతి అందరికీ చెప్పమన్నారు. ఇంగ్లీషులో చెప్పబోయింది. అందులో భయం మనిషి మీద ఉండదు, మనిషే భయమైపోతాడు, మనిషే మౌనమైపోతాడు, తీసి పక్కన పెట్టడానికి ఏమీ మిగలదు. ఎంత తంటాలు పడినా ఒక్కరికీ తలా తోకా తెలియలేదు. చివరికి విసుగొచ్చి సుద్ద తీసుకుని బోర్డు మీద కోటు బొమ్మ వేసింది, ఇన్నేళ్ళకి మొదటిసారి, అందరి ముందూ. వెనక వరసలోంచి ఎవరో, "అది బల్లా?" అని అడిగారు. నోరీన్ నవ్వి, "కాదు, నా గుర్రం" అంది.

మొన్న వానలో తడిసి పారిక్ ఇంటికి వెళ్ళాను. ఒళ్ళు నొప్పులు, ఎప్పటిలా చిరాకు. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ చూసి కూర్చోబోయాను.

"అక్కడ కాదు టీచర్" అంది నెస. "కోటుంది."

కళ్ళ ముందు ఉత్త కుర్చీ. నాకు ముక్కు మీద ఉండాల్సిన కోపం ఏమైందో తెలీదు. క్షమించమ్మా అని, వెళ్ళి కట్టెల పెట్టె మీద కూర్చున్నాను.